పారేసిందెవరు, ఏరిందెవరు, సంతకమెవరిది?

చిత్రకళ చదివే పిల్లలకి కాన్వాసూ, ఆయిల్ రంగులూ కొనడం ఎప్పుడూ బరువే. ఫీజు కట్టి, హాస్టల్ మెస్ బిల్లు కట్టి, మిగిలిన డబ్బుల్తో రంగు ట్యూబులు కొనడం కూలి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళకి అయ్యే పని కాదు. అందుకే పాత ఇనప సామాన్ల కొట్టు, పాత బట్టల సంత, సముద్రపు ఒడ్డు వాళ్ళకి రంగుల దుకాణాలవుతాయి. దొరికినదాన్ని తెచ్చి, కోసి, అతికి, కుట్టి బొమ్మ చేస్తారు. విమర్శకులు దీనికి చాలా పేర్లే పెట్టారు. పేరేదైనా మెచ్చుకోలు మాత్రం ఒకటే: 'పనికిరానిదాన్ని పనికొచ్చేలా చేశాడు' అని. సరిగ్గా ఈ మెచ్చుకోలు దగ్గరే మాకు పేచీ ఉంది. అది పనికిరానిదని తేల్చిందెవరు?

కళాచరిత్ర పాఠాల్లో ఈ పద్ధతికి ఒక వంశవృక్షం చెబుతారు. 1917లో మార్సెల్ దుషాంప్ మూత్రశాల తొట్టిని ప్రదర్శనకి పంపడం, 1942లో పికాసో పాత సైకిలు సీటునీ హ్యాండిల్‌నీ కలిపి ఎద్దు తల చెయ్యడం, 1967లో ఇటలీలో 'పేద కళ' అనే ఉద్యమం పేరు పెట్టుకోవడం. మన దేశం దగ్గరకొస్తే నేక్‌చంద్ పేరు చెబుతారు. రోడ్ల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేస్తూ, పగిలిన పింగాణీ, గాజు ముక్కలు పోగేసి, చండీగఢ్‌లో ఎవరికీ తెలియకుండా ఆయన కట్టిన తోటని 1976లో జనానికి తెరిచారు. ఇదంతా నిజమే. గొప్ప పనే. కానీ పాత వస్తువు గురించి ఈ దేశంలో ఇంతకంటే చాలా పాత పాఠం ఒకటుంది. అది కళాచరిత్ర తరగతిలో చెప్పరు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడికి శవాల మీది బట్టల్ని బట్టలుగా, పగిలిన కుండల్ని కంచాలుగా, ఇనుముని నగలుగా విధించింది. అంటే పాతదాన్ని తిరిగి వాడటం మనకి ప్రయోగం కాదు, శిక్ష. ఇటలీ కళాకారుడు తనకై తాను ఎంచుకున్న 'పేదరికం', మన తాతలకి శాస్త్రం రాసి మరీ అంటగట్టిన పేదరికం ఒకటి కావు.

1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. ఆ సభలకి వచ్చిన ఆడవాళ్ళతో ఆయన మాట్లాడిన మాటలు మన చర్చకి ఇంకా ముఖ్యం. అంటరానితనాన్ని గుర్తుపట్టించే కట్టునీ, నగల్నీ వదిలెయ్యమని చెప్పారు. చచ్చిన పశువు మాంసం మానెయ్యమని మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ పదే పదే చెప్పారు. ఆయన సూటూ బూటూ కూడా ఈ వాదంలో భాగమే. పండక్కి కామందు ఇచ్చే పాత పంచె, కామందు ఇంటావిడ ఇచ్చే వెలిసిన చీర కూలిలో జమయ్యే ఊళ్ళలో, కొత్త బట్ట కట్టుకోవడమే ఒక తిరుగుబాటు.

మరైతే ఇప్పుడు ఒక దళిత విద్యార్థి పాత గుడ్డ చేతిలోకి తీసుకుంటే అది వెనకడుగా? అంబేడ్కర్ వదిలెయ్యమన్నదాన్ని కళ పేరుతో మళ్ళీ ఎత్తుకోవడమా? ఈ ప్రశ్నని దాటేసి 'సృజనాత్మకత' అని చప్పట్లు కొట్టే విమర్శ మనకి అక్కర్లేదు. ఎవరి చేతిలో ఏ వస్తువు ఎలా పాతబడుతుందో ముందు చూడాలి. అందుకు ఉప్పాడ మంచి చోటు.

2022 దాకా తూర్పు గోదావరిలోనూ ఇప్పుడు కాకినాడ జిల్లాలోనూ ఉన్న ఉప్పాడ పేరు చెప్పగానే జామ్దానీ చీర గుర్తొస్తుంది. పడుగు మీద ఒక్కో పువ్వునీ చిన్న చిన్న కండెల దారంతో చేత్తో ఎక్కిస్తారు. మామూలుగా ఒక మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. వెనక దారాలు వేలాడవు, చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. పనిని బట్టి ఒక్క చీరకి వారాలూ నెలలూ పడుతుంది. 2009లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి చీర పాతబడితే ఏమవుతుంది? 'పాత జరీ చీరలు కొంటాం' అని వీధుల్లో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళు మనకి తెలుసు. అసలు వెండి జరీ ఉంటే చీరని కాలుస్తారు, బూడిదలోంచి వెండి తీసి తూకం వేస్తారు. కొత్తప్పుడు పనితనం పేరు చెప్పి ధర కట్టిన చీరకి, పాతబడ్డాక లోహానికే ధర. నెలల తరబడి ఇద్దరి కళ్ళూ నడుమూ పెట్టిన పని పొగైపోతుంది. మార్కెట్టు లెక్కలో మొట్టమొదట 'వ్యర్థం' అయ్యేది గుడ్డ కాదు, శ్రమ. పాత చీర తీసుకుని బొమ్మ చేసే విద్యార్థి కూడా రంగూ మెరుపూ చూసి వాడుకుని, నేత సంగతి మరిచిపోతే, వాడు చేసిందీ జరీ వ్యాపారి చేసిందీ ఒకటే.

ఇక్కడ ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఈ మగ్గాల చరిత్రలో కీర్తి సన్న నేతకే దక్కింది. తెలుగు దేశంలో మాలలూ నేతగాళ్ళే. ఊళ్ళో కూలి జనం కట్టిన ముతక గుడ్డ చాలామటుకు వాళ్ళు నేసిందే. మిల్లు గుడ్డ వచ్చి ఆ మగ్గాల్ని మింగేసింది. రాజుల ఆదరణ, అవార్డులు, గుర్తింపు పత్రాలు ఆ గుడ్డకి లేవు. అది కట్టుకుని, చిరిగి, చివరికి బొంతలో కలిసిపోయింది. కాబట్టి పాత గుడ్డల్లో కూడా కులం ఉంది. ఏ పాతది 'వారసత్వం' అవుతుంది, ఏ పాతది 'చెత్త' అవుతుంది అన్నది నేసినవాడి కులమూ, కట్టినవాడి కులమూ చూసే తేలుతుంది.

ఉప్పాడలో రెండో సరుకు సముద్రం ఇచ్చేది. ఏళ్ళ తరబడి కోత పడుతున్న ఆ తీరంలో ఇళ్ళు పోయాయి, గుళ్ళు పోయాయి, రోడ్డు మళ్ళీ మళ్ళీ తెగింది. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఒడ్డున బంగారపు ముక్కలు దొరుకుతున్నాయని జనం ఇసక జల్లించారు, పేపర్లు రాశాయి. సముద్రంలో కలిసిన ఇళ్ళూ గుళ్ళ బంగారమే అదని అక్కడివాళ్ళు చెప్పుకున్నారు. ఆ ఇసక వెతికినవాళ్ళని ఎవరూ కళాకారులనలేదు, ఆశపోతులన్నారు. అదే ఒడ్డున నునుపు తేలిన ఇటిక ముక్కనీ, తెగిన వల పోగునీ ఏరి గ్యాలరీలో పెడితే 'సముద్రం చెక్కిన శిల్పం' అంటారు. ఆ ఇటిక ఒక మత్స్యకారుడి ఇంటి గోడ. దాన్ని శిల్పమన్నప్పుడు ఇల్లు ఎందుకు పోయింది, పోయినవాళ్ళకి ఎక్కడ చోటిచ్చారు అనే మాట బొమ్మలోంచి జారిపోతే, అది అందం పేరుతో జరిగే మరో కోత. ఆ వలనే చూడండి. పాత నైలాను వల అక్కడ పెరటి దడి అవుతుంది, కోళ్ళ గూటికి కప్పు అవుతుంది. తిరిగి వాడటం తెలిసినవాళ్ళు ముందునుంచీ ఉన్నారు. వాళ్ళ పేరు ఏ కేటలాగులోనూ లేదు, అంతే.

బొంత సంగతీ అదే. చిరిగిన చీరలు పొరలు పొరలుగా పరిచి, మన ఆడవాళ్ళు కుట్టిన బొంత మీద ఎన్ని తరాలు పడుకున్నాయో! సాహిత్య విమర్శలో మాత్రం ఒక రచనని తిట్టాలంటే 'అతుకుల బొంత' అంటాం. ఆ మాట వెనకున్న చిన్నచూపు ఎవరి మీదో ఆలోచించాలి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరుంది. బానిసల సంతతి అయిన నల్లజాతి స్త్రీలు అక్కడ పాత పని బట్టలతో బొంతలు కుట్టారు. 2002లో వాటిని హ్యూస్టన్‌లోనూ న్యూయార్క్‌లోనూ మ్యూజియంలలో పెట్టారు. ఆధునిక చిత్రకళతో సమానమని పొగిడారు. 2007లో ఆ స్త్రీలలో కొందరు తమకి రావలసిన డబ్బు రాలేదని కోర్టుకెక్కారు, మరుసటేడు రాజీ అయింది. పొగడ్త ఒక చోటికి, పైకం ఇంకో చోటికి పోవడం చలివల్ల బొంత కుట్టుకున్నవాళ్ళకి కొత్తేం కాదు. కొత్త సంగతల్లా వాళ్ళు అడగడం.

మన దగ్గరా అడిగినవాళ్ళున్నారు. 2015లో మహారాష్ట్రలో ఎద్దుల వధ నిషేధించాక ధారవి చర్మకారులకి పని పోయింది. సుధీర్ రాజ్‌భర్ అనే చిత్రకారుడు వాళ్ళతో కలిసి తోలు బదులు పాత రబ్బరుతో సంచులు చేయించి, తిట్టుగా వాడే 'చమార్' అనే మాటనే ఆ స్టూడియోకి పేరుగా పెట్టాడు. పాత వస్తువుతో పాటు పాత తిట్టునీ తిరగేసి కుట్టాడన్నమాట. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న దళితుల్ని కొట్టారు. దానికి జవాబుగా సురేంద్రనగర్‌లో దళితులు పశువుల కళేబరాల్ని తెచ్చి కలెక్టరేట్ ముందు పడేశారు. దాన్ని ఎవరూ ఇన్‌స్టలేషన్ అనలేదు. కానీ 'ఇది మా పని కాదు, మీ చెత్త మీరే తీసుకోండి' అనే మాటని అంత సూటిగా చెప్పిన ప్రదర్శన ఏ గ్యాలరీలో ఉంది?

ఈ రెండూ పక్కపక్కన పెడితే మన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. ఒకరు పాతదాన్ని ఎత్తుకున్నారు, ఇంకొకరు తిప్పికొట్టారు. రెండిట్లోనూ నిర్ణయం వాళ్ళదే. అంబేడ్కర్ వదిలెయ్యమన్నది గుడ్డని కాదు, విధింపుని. వద్దనే హక్కు ఉన్నవాడి చేతిలోనే పాత గుడ్డ కళ అవుతుంది. ఆ హక్కు లేనివాడి ఒంటిమీద అది ముద్ర.

అందుకని ఇలాంటి పని చూసినప్పుడు విద్యార్థి మిత్రులూ, అధ్యాపక మిత్రులూ మూడు సంగతులు అడగాలని మేం అంటున్నాం. ఆ వస్తువు ఎవరి చేతుల మీదుగా వచ్చింది? ఏరినవాళ్ళకి, కుట్టినవాళ్ళకి ఏం ముట్టింది? బొమ్మ కింద ఎవరి పేరుంది? ఇవి కళకి బయటి ప్రశ్నలని కొట్టిపారెయ్యకండి. వస్తువు తన చరిత్రతో వస్తే బొమ్మ రూపమే మారుతుంది. చీర తిరగేసి నేత చూపిస్తుంది, ఇటిక తన గోడని గుర్తుచేస్తుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. 'మీ జీవితం ఇదే కదా, చెత్తతోనే చెయ్యి, బాగుంటుంది' అని దళిత విద్యార్థికి సలహా ఇచ్చే మేష్టార్లు తయారైతే, అది మనువు మాటనే స్టూడియోలో చెప్పడం అవుతుంది. వాడికి కొత్త కాన్వాసు మీద, ఖరీదైన రంగుతో గులాబీ పువ్వు వెయ్యాలనిపిస్తే వెయ్యాలి. అందుకు కాలేజీలు స్కాలర్‌షిప్పుతో పాటు సామాగ్రికీ విడిగా డబ్బివ్వాలి. ఇచ్చాక కూడా వాడు పాత చీరే తెచ్చుకుంటే, అప్పుడు దాన్ని బొమ్మగా చూద్దాం, విమర్శిద్దాం, బాగోకపోతే బాగోలేదని చెబుదాం. పాత గుడ్డకి జాలి అక్కర్లేదు, లెక్క కావాలి.