టచ్ చేసింది సరే, ముట్టిందా?

దళిత కవిత చదివి "టచింగ్‌గా ఉంది" అనే మెచ్చుకోలును మేం అనుమానంతోనే చూస్తున్నాం. అన్నవాళ్ల మనసు మంచిదే కావచ్చు. కానీ 'టచ్' అనే ఇంగ్లీషు క్రియ జారుడు మాట. చెయ్యి తగిలినా టచ్చే, గుండె కరిగినా టచ్చే, అప్పుడప్పుడు ఉత్తరం రాయమన్నా టచ్చే. ఇంగ్లీషు కవులు ప్రేమికుడి వేలి నుండి దేవుడి కరుణ దాకా ఈ ఒక్క మాటతో నడిచారు. దళిత కవిత దగ్గర ఈ సౌకర్యం ఎవరికి? చేతికి పని పెట్టకుండా గుండె ఒక్కటే తాకించుకుని పాఠకుడు లేచిపోవచ్చు.

మన మాటలు అట్లా పోనియ్యవు. మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లల్ల కూలి పైసలు 'ముట్టినయా' అని అడుగుతరు. పొయ్యి 'ముట్టిస్తరు'. 'ముట్టు' అని ఆడమనిషిని పక్కకు కూసోబెడ్తరు. 'అంటు' సంగతీ అంతే. నిప్పు అంటుకుంటది, రోగం అంటుకుంటది. మామిడికి అంటు కట్టేటప్పుడు రెండు కొమ్మల్నీ చెక్కి, గాయానికి గాయం ఆనించి కడ్తరు, అప్పుడే అతుకుతది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఈ నేల మీద తోటపనికి పనికొచ్చిన చేతులే గడప దగ్గర అంటరానివైనయి. 'టచ్' అని అనువదిస్తే ఈ నిప్పు, ఈ గాయం, ఈ కూలి లెక్క ఒక్కటీ ఇంగ్లీషులోకి రావు.

'అన్‌టచబుల్' మరీ విచిత్రం. ఇంగ్లీషు ఆటల వార్తల్లో అది పొగడ్త: ఎవరికీ అందని మొనగాడని. శామీర్‌పేట నల్సార్‌లో రాజ్యాంగం 17వ అధికరణం చదివే విద్యార్థికి అదే మాట నిషేధించిన నేరం. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకుంది. పేరులోంచి మాట పోయింది. ఊరి పక్కన వాడ పోలేదు.

జాషువా 'గబ్బిలం' (1941)ను కరుణరసమని మెచ్చుకున్నవాళ్లు చాలామంది. మాకు అందులో తాకేదెవరు, తాకరానిదెవరు అన్న లెక్కే ముఖ్యం. గబ్బిలం గుడిలో వేలాడొచ్చు, దాన్ని పంపిన మనిషి గడప తొక్కరాదు. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' నాటికి కవులు దూతల్ని పంపడం మానేశారు. తామే వచ్చి మాట్లాడారు. వాళ్లను కూడా 'టచింగ్' అంటే ఎట్లా?

అనువాదకులకు మా సూచన ఒకటే. 'అంటు'ను అంటుగానే ఉంచండి. కావాలంటే వెనక పేజీలో అర్థాలన్నీ రాయండి. ఇంగ్లీషు పాఠకుడు ఆ మాట దగ్గర ఆగితే కాసేపు ఆగనియ్యండి.