‘పులిరాజా’ ప్రచార వాక్యం: హెచ్.ఐ.వి. అవగాహన భాషపై విమర్శనాత్మక పరిశీలన

1. ప్రస్తావన

2003 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడళ్లలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అనే ప్రశ్న హోర్డింగులకెక్కింది. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రచారంలోని ఈ వాక్యం అనతికాలంలోనే జనం నోట నానింది. అరక్షిత లైంగిక సంబంధాన్ని బహిరంగ చర్చలోకి తేవడం దాని విజయం. అయితే అది చెప్పకుండా విడిచినదేమిటో పరిశీలించవలసి ఉంది.

2. పదం – అర్థం

మొదటి లోపం హెచ్.ఐ.వి.నీ, ఎయిడ్స్‌నూ ఒకటి చేయడం. సోకేది వైరస్, ఎయిడ్స్ దాని ముదిరిన దశ. 1983లో గుర్తించిన ఈ రెట్రోవైరస్ తన ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చి మనిషి కణపు జన్యుపదార్థంలో కలిసిపోతుంది. అందుకే మందులు దానిని అణచగలవే గాని పూర్తిగా తొలగించలేవు. చికిత్స లేకపోతే సి.డి.4 కణాలు క్రమంగా నశించి, కొన్నేళ్లకు క్షయ వంటి వ్యాధులు ముసురుకుంటాయి. ఈ నిశ్శబ్ద కాలం ‘వస్తుందా’ అనే క్రియలో ఇమడలేదు. ఆరోగ్యంగా కనిపించేవాడు తనకు ‘రాలేదు’ అనుకొని పరీక్షకు దూరంగా ఉండే వీలుంది.

3. పులిరాజా – అతని ఇల్లాలు

రెండవ లోపం పేరులోనే ఉంది. ప్రశ్న పౌరుషం చుట్టూ తిరుగుతుంది. భర్త ద్వారా సోకిన భార్యకు, గర్భంలోనో ప్రసవంలోనో చనుబాల వల్లనో తల్లి నుండి సోకిన బిడ్డకు ఆ వాక్యంలో చోటు లేదు. కలుషిత రక్తం, సూదుల ప్రస్తావనా లేదు. ఆరోగ్య సమస్య నడవడికకు పడిన శిక్షగా ధ్వనించడానికి ఇది తావిచ్చింది.

4. కైరుప్పల నేపథ్యం

ఉగాది మరునాడు పిడకల సమరం జరిగే కైరుప్పలలో దెబ్బలు తగిలినవారు విభూతి పూసుకొని ఇంటికి వెళ్తారు. కనిపించే గాయానికి ఊరి మన్నన ఉంది. కనిపించని వైరస్‌కు ఏ ఊరిలోనూ ఆ మన్నన దొరకదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు వర్షాధార గ్రామాల కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు ‘సుగ్గి’కి వెళ్తాయి. దేశంలో 2004 ఏప్రిల్ 1న ఆరంభమైన ఉచిత ఎ.ఆర్.టి. మందులను రోజూ, జీవితాంతం వాడాలి. తోటి కూలీలు చూస్తారన్న జంకుతో మాత్ర మానితే వైరస్ విజృంభిస్తుంది. మందులకు లొంగని రూపమూ దాల్చవచ్చు. క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ గుర్తించలేని స్థాయికి తగ్గి నిలిచినవారి నుండి లైంగికంగా ఇతరులకు సోకదు. కనుక ఇక్కడ ప్రమాదం వలసలో లేదు, వలసలో మందు తెగిపోవడంలో ఉంది. పులిరాజా ప్రశ్న ఈ మాత్ర దాకా రాలేదు.

5. ముగింపు

2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం వైద్యం, విద్య, ఉద్యోగాలలో వివక్షను నిషేధించింది. భాష ఇంకా ఆ మేరకు మారవలసి ఉంది. ‘ఎయిడ్స్ రోగి’ స్థానంలో ‘హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న వ్యక్తి’ అనడం మర్యాద మాత్రమే కాదు, శాస్త్రీయం కూడా. ‘వస్తుందా?’ అన్న ప్రశ్న భయాన్ని మిగిల్చింది. ‘పరీక్ష అయిందా? పనిచోటికీ మందు అందుతోందా?’ అన్న ప్రశ్నలే నేటి అవసరం.