పర్యావరణ పరిభాషయు పంటచేని పలుకుబడియు

విశ్వవిద్యాలయములలో కొన్ని దశాబ్దములుగ నొక నూతనవిద్య పాదుకొన్నది. దానిని పర్యావరణ ప్రసారవిద్య యనవచ్చును. నేల, నీరు, గాలి, అడవి, పంట వీని క్షేమమును గుఱించి జనులతో నెట్లు మాటలాడవలెను, వారి మాట నెట్లు వినవలెను అనునది దాని విషయము. దేశభాషాపత్రికలు, ఆకాశవాణి, గ్రామస్థులే నడపుకొను రేడియోలు దానికి క్షేత్రములు. ఈ విద్యకే జీవితము నంకితము చేసిన యాచార్యులు నేడు పెక్కుచోట్ల గలరు. ఇది సాంఘికశాస్త్రజ్ఞుల పని, సాహిత్య పరిశోధకులకు దీనితో నేమి సంబంధమని కొంద ఱడుగవచ్చును. సంబంధము గలదు. ఈ విద్యకు భాషయే యుపకరణము. ఉపకరణము పదునైనదో మొద్దువాఱినదో పరీక్షించుట విమర్శకుని ధర్మము.

అట్లు పరీక్షింపగా దేలు నంశ మొక్కటి. తెలుగున నీ విషయమును వ్రాయువారిలో ననేకులు, పరభాషలో సిద్ధమైన జ్ఞానమును పోసి పంపు పాత్రముగ మన భాషను జూచుచున్నారు. ఆ జ్ఞానములో గొంత తెలుగు పలుకులయందే నిక్షిప్తమై యున్నదని వారు గుర్తింపకున్నారు. ఈ లోపమును సోదాహరణముగ జూపుటయు, దీనికి విరుగుడైన మార్గమును జూపిన కృషులు మనయందే కలవని జ్ఞప్తికి దెచ్చుటయు నీ వ్యాసమున కుద్దేశము.

మొదట పరిభాషను జూతము. 'పర్యావరణము' అనగా చుట్టు నావరించినది. మనుష్యుడు నడుమ నుండగా తక్కిన దంతయు నతనికి గప్పువలె నున్నదను భావ మీ పదమున ధ్వనించును. చేనును, చెలకను, వాగును దనకు వెలుపలి కప్పుగ నెంచు కర్షకు డుండడు. అయినను పదము రూఢమైనది. చట్టములలోను పాఠ్యగ్రంథములలోను స్థిరపడినది. దానిని త్రోసిపుచ్చ నక్కఱలేదు.

'వాతావరణము' సంగతి వేఱు. అవయవార్థమునుబట్టి యది భూమిని గప్పియున్న వాయుమండలము. నేటి వ్రాతలలో నీ యొక్క పదమే వాయుమండలమునకును, ఏనాటి కానాడు మాఱు వానయెండలకును, ముప్పదియేండ్ల సగటుమీద నిర్ణయింపబడు శీతోష్ణస్థితికిని వాడబడుచున్నది. 'వాతావరణము మాఱినది' యను వాక్యమును పల్లెలో విన్నవానికి నేటి మధ్యాహ్నము మబ్బు పట్టెనని తోచునా, తరములుగ నెఱిగిన ఋతుక్రమము చెడెనని తోచునా? శాస్త్రజ్ఞుడు మహాపాయముగ జెప్పదలచినది శ్రోతకు నిత్యవార్తగ వినబడుచున్నది. భూగోళపాఠములలో చిరకాలముగ నున్న 'శీతోష్ణస్థితి' యను పద మీ సందర్భమున మఱుగుపడుట విచారకరము.

'తృణధాన్యము' మఱియొక యుదాహరణము. జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, అరిక, ఊద మొదలగు గింజలకు వాడుచున్న పేరిది. అమరకోశమున తృణధాన్య మనగా నీవారము. దున్నక విత్తక తనంత పండునది. జనులు విత్తి, కలుపుదీసి, గింజ నేర్చి, తరతరములు కాపాడిన పంటల కా పేరెట్లు తగును? పైగా 'తృణీకరించుట' యను మాట నెఱిగిన చెవికి తృణశబ్దము చులకనగ దోచును. ఆంగ్లమున వీనిని ముతకధాన్యములనుటయు నిట్టిదే. భారతప్రభుత్వము 2018 ఏప్రిలులో నా పేరును మార్చి వీనిని పోషకధాన్యములని ప్రకటించెను. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ జరిపెను. పేరు మార్చినంత పంట పెరుగదు, నిజమే. కాని పేరులో దోషము గలదని రాజ్యమే యొప్పుకొన్నది.

ఇక చేనికి బోదము. విత్తుటకు దగినంత చెమ్మ నేలయందుండుట 'పదును'. అంతకు మించినను పదును గాదు, తగ్గినను గాదు. ఇట్టి మాట నోటనుండగా దాని స్థానమున నాలుగైదు సంస్కృతపదముల సమాసమును గల్పించుట, వెన్న చేతబట్టుకొని నేతికై వెదకుట. పైరు పెరుగుచుండగా నడుమ వాన నిలిచి నేల యెండుట 'బెట్ట'. వానయే రాకపోవుట 'వఱపు'. తిండికిని గడ్డికిని కటకట యగుట 'కఱవు'. ఇవి మూడును వేఱువేఱవస్థలు. బెట్టకు సకాలమున నొక తడి చాలును. వఱపునకు మఱియొక పంటను దలపెట్టవలెను. కఱవునకు కూలియు, గ్రాసమును, గింజయు గావలెను. నేటి ప్రకటనలలో తఱచుగ నీ మూడింటిని 'కఱవు' అను నొక్క మాటలోనే యిమిడ్చుచున్నారు. మూడు రోగములకు నొకే పేరిడిన వైద్యుడు మందు నెట్లు నిర్ణయించును?

'కలుపు' అను మాటను జూడుడు. గునుగును గంగవాయిలియు చేలలో దమంత మొలచును. పంటదిగుబడినే లెక్కించు సేద్యశాస్త్రమున నివి కలుపుమొక్కలు. మందు చల్లి చంపదగినవి. పేదయింటి యిల్లాలికి గంగవాయిలి పప్పులోని కూర, గునుగాకు వండుకొనదగినది, గునుగుపూవు తెలంగాణమున బతుకమ్మకు శృంగారము. ఆమె చేను కలుపు తీయునపుడు వేనిని పాఱవేయవలెనో, వేనిని కొంగున గట్టుకొని యింటికి దేవలెనో యెఱుగును. ఆ వివేకము పేళ్లలో నున్నది. పేళ్లన్నియు 'కలుపు'లో గలిసిపోయినచో వివేకమును బోవును, కూరయు బోవును. ఇచట పదనిర్ణయమే విధినిర్ణయ మగుచున్నది.

ఇట్టి పలుకుల వెంట జీవితమును నడపిన పండితులు మనకు లేకపోలేదు. గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగ నుండి సవరభాషను నేర్చిరి. అది వారి మాతృభాష గాదు; తెలుగునకు దాయాదియు గాదు; ముండాకుటుంబమునకు జెందినది. వారు సవరబాలురకు వాచకములు వ్రాసిరి, బడులు పెట్టించిరి. పిదప 1931లో వారి సవరవ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను. వ్యావహారికవాదమున వారితో విభేదించిన పండితులు సైత మీ కృషికి దలయొగ్గక తప్పదు. ఇందు గమనింపదగినది క్రమము. నేర్చిన విద్య మొదట కొండమీది బాలుని చేరినది. తరువాత పండితలోకమును జేరినది. నేటి పరిశోధకుల వృత్తిలో నీ క్రమము తఱచుగ దలక్రిందగుచున్నది. పల్లెలో సేకరించిన పలుకు ఆంగ్లవ్యాసమై, ఉద్యోగోన్నతికి మెట్టై, పలికినవారి కెన్నడు దిరిగి రాకున్నది.

రెండవ కృషి భద్రిరాజు కృష్ణమూర్తిగారిది (1928–2012). వారి సంపాదకత్వమున 'మాండలిక వృత్తిపదకోశము' మొదటి సంపుటము, వ్యవసాయపదములతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున వెలువడెను. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చెను. వ్యవసాయ సంపుటమునకై జిల్లాలలో దిరిగి, సేద్యము చేయువారి నోటనుండి మాటల నేర్చి కూర్చిరి. నాగలి భాగములు మొదలు నూర్పిడి పనులవఱకు గల పలుకులు, ఏ ప్రాంతమున నేది వాడుకయో తెలుపుచు, అందు జేరినవి. ఎఱువుల మందులును, సంకరవిత్తనములును మన చేలను ముంచెత్తుటకు గొంచెము ముందుగ నీ సేకరణము జరుగుట మన యదృష్టము. పర్యావరణ ప్రసారవిద్య నభ్యసించు తెలుగు విద్యార్థికి మొదటి పాఠ్యగ్రంథ మిది కావలసియుండగా, భాషాశాస్త్రజ్ఞులు దక్క తక్కినవా రంతగ దీని వంక జూడరు.

కోశమున పలుకు గలదు. పలికినవారి స్వరము లేదు. ఆ లోటును దీర్చినది సంఘం రేడియో. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో గూడి పనిచేయు దళితస్త్రీలు, ప్రసారాధికారము లేకపూర్వమే తమ మాటలను, పాటలను నాడాలమీద బట్టి సంఘములలో వినిపించుకొనిరి. ఆకాశతరంగములు ప్రజల సొత్తని సుప్రీము కోర్టు 1995లో దీర్పు చెప్పెను. అయినను 2002లో సాముదాయిక రేడియో హక్కు విద్యాసంస్థలకు మాత్రమే యీయబడెను. 2006లో గాని యది ప్రజాసంస్థలకు విస్తరింపలేదు. తుదకు 2008 అక్టోబరు 15న మాచునూరు గ్రామమునుండి సంఘం రేడియో ప్రసార మారంభమయ్యెను. పండితుల కిచ్చిన హక్కు పలుకు గలవారిని జేరుటకు నాలుగేండ్లును, ప్రసారమగుటకు మఱి రెండేండ్లును బట్టెను. ఈ కాలక్రమమే యొక విమర్శ.

ఆ ప్రాంతపు స్త్రీలు, నీటిపాఱుదలయు మందులును లేక, మంచును నేలచెమ్మను నమ్ముకొని పండు యాసంగి పైరులను 'సత్యం పంటలు' అందురు. దీనిని 'వర్షాభావ పరిస్థితుల ననుకూల సస్యములు' అని తర్జుమా చేయవచ్చును. అర్థము కొంత వచ్చును, విశ్వాసము రాదు. నేల మాటతప్పదను నమ్మిక, ఆ నమ్మికకు దగినట్లు విత్తనమును దాచుకొను నాచారము, ఈ రెండును 'సత్య'మను నా యొక్క మాటలో నున్నవి.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. ఊరూరికి మాఱు పలుకులతో శాస్త్రమెట్లు నిలుచును? ఒక జిల్లా మాట మఱియొక జిల్లాకు దెలియదు. కావున సంస్కృతపరిభాషయే శరణ్యమని. ఈ యాక్షేపమున సత్యము గలదు. చట్టమునకును పాఠమునకును స్థిరమైన పదము గావలెను. కాని స్థిరత్వమునకై క్రొత్తగ గల్పింప నక్కఱలేదు. ఉన్నవానిలో విస్తారముగ వాడుకయందున్నదాని నెన్నుకొనవచ్చును. 'పదును', 'బెట్ట' వంటివి యట్టివి. ఏ మాట యెంతమేర వ్యాపించినదో నిర్ణయించుటకు వృత్తిపదకోశము వంటి గ్రంథములే యాధారములు. పల్లెమాట యంతయు బ్రమాణమనియు నేననను. మృగశిర కార్తె జూను 7, 8 ప్రాంతమున బ్రవేశించును. తొలకరి నాశించి దుక్కిదున్నుట పూర్వాచారము. వానల రాక నిలకడ దప్పిన కాలమున కార్తె పేరు నిలిచి, కార్తె మాట తప్పవచ్చును. అట్టి వ్యత్యాసమును గుర్తించుటయు పరిశోధకుని పనియే. ఆ సామెత యేనాడు నిజమయ్యెనో, ఏనాడు దప్పెనో తేదీతో వ్రాసిపెట్టినచో నది శీతోష్ణచరిత్రకు సాక్ష్యమగును.

కోశమునకు స్వరము లేదు; రేడియోకు స్థిరత్వము లేదు. గాలిలో బోయిన మాట మఱునాటికి దొరకదు. ఈ రెంటిని గలుపుట విశ్వవిద్యాలయముల వంతు. పల్లె రేడియోల ప్రసారములను భద్రపఱచి, వానినుండి నేల, నీరు, విత్తనము, ఆకుకూర, వాన వీనికి సంబంధించిన పలుకుల నేర్చి, పలికిన ప్రాంతముతో, ప్రయోగవాక్యముతో కోశముగ గూర్చి, దానిని తెలుగుననే ముద్రించి యా గ్రామములకే మొదట నంపవలెను. ఇట్టి పనిలో బది సంవత్సరములు గడపిన పండితుని కృషిని పరభాషలోని వ్యాసముల లెక్కతో దూచుట తగదు. సవరబడికి వాచకము వ్రాసిన గిడుగువారి నెవరును వ్యాసముల లెక్కతో దూచలేదు.

పంట పోయిన పిదప పలుకు కొన్నాళ్లు నిలుచును. విత్తినవారు పోయిన పిదప నదియు నిలువదు. అరికలు వండిన చేతులు, ఊదలు దంచిన రోకళ్లు ఇంకను గొన్నియూళ్ల గలవు. వారు చెప్పగలిగియుండగనే వినవలెను.