గెలుపు ఎవరి ఖాతాలో?

అమెరికాలో మనవలున్న ఇళ్లు తార్నాక, హబ్సిగూడ వీధుల్లో కోకొల్లలు. అలాంటి ఇంట్లో తాతయ్య ఫోన్‌కి ఓ ఆదివారం పొద్దున్నే వీడియో కాల్ వస్తుంది. "హైస్కూల్ మ్యాచ్ గెలిచాం తాతయ్యా. ఆ విన్ నాకే ఇచ్చారు" అంటాడు మనవడు. మొయినుద్దౌలా టోర్నీల రోజుల నుంచీ క్రికెట్ చూస్తున్న పెద్దాయనకు ఇది మింగుడుపడదు. "గెలిచింది టీము కదరా, నీకొక్కడికే ఎలా ఇస్తారు?"

అడగాల్సిన ప్రశ్నే. బేస్‌బాల్‌లో పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. ప్రతి మ్యాచ్‌లోనూ గెలుపును ఒక పిచర్ పేరున, ఓటమిని అవతలి జట్టు పిచర్ ఒకరి పేరున రాసేస్తారు. అమెరికా హైస్కూల్ మ్యాచ్‌కు ఏడు ఇన్నింగ్స్. ఆట మొదలుపెట్టిన పిచర్ కనీసం నాలుగు ఇన్నింగ్స్ వేసి, జట్టు ముందంజలో ఉండగా తప్పుకుని, ఆ ఆధిక్యం చివరిదాకా నిలిస్తే గెలుపు అతనిది. తొమ్మిది ఇన్నింగ్స్ ఆడే మేజర్ లీగ్‌లోనైతే ఐదు వేయాలి. మధ్యలో స్కోరు సమమైతే ఆ లెక్క చెరిగిపోతుంది. జట్టు మళ్లీ ముందుకెళ్లి, ఇక వెనకబడకుండా గెలిస్తే, ఆ సమయానికి పిచర్‌గా ఉన్నవాడికి గెలుపు దక్కుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఒక కుర్రాడు మూడు ఇన్నింగ్స్ పాటు ఒక్క పరుగూ ఇవ్వడు. ఇన్ని బంతులు దాటితే వేయకూడదని 2017 నుంచి హైస్కూళ్లలో పరిమితి ఉంది కాబట్టి, కోచ్ అతన్ని పక్కన కూర్చోబెడతాడు. అతనికి గెలుపు రాదు. ఆరో ఇన్నింగ్స్‌లో వచ్చినవాడు ఉన్న ఆధిక్యమంతా పోగొడతాడు. వెంటనే సొంత జట్టు బ్యాటర్లు నాలుగు పరుగులు కొడతారు. గెలుపు అతని పేరున పడుతుంది! కాసేపే వేసి, అదీ చెత్తగా వేశాడనిపిస్తే అతన్ని కాదని మరొకరికి ఇచ్చే అధికారం మేజర్ లీగ్ నిబంధనల్లో స్కోరర్‌కు ఉంది. మొత్తం పద్ధతిలో మెచ్చుకోదగ్గది ఆ ఒక్క వెసులుబాటే. కూడికలు చేసే మనిషికి అక్కడ కాస్త బుద్ధి ఉపయోగించే చోటు మిగిల్చారు.

'సేవ్' కథ ఇంకా విచిత్రం. ఆఖర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడే పిచర్ల శ్రమకు లెక్క లేదని షికాగో పాత్రికేయుడు జెరోమ్ హోల్ట్జ్‌మన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1969లో మేజర్ లీగ్ అధికారికంగా తీసుకుంది. మ్యాచ్ ముగించిన పిచర్ మూడు పరుగులకు మించని ఆధిక్యంతో వచ్చి ఒక ఇన్నింగ్స్ నిలబెట్టినా సేవే, ఆధిక్యం ఎంతున్నా చివరి మూడు ఇన్నింగ్స్ బాగా వేసినా సేవే. ఈ రెండో దారిలో 2007 ఆగస్టు 22న బాల్టిమోర్‌లో ఓ వింత జరిగింది. టెక్సస్ రేంజర్స్ 30-3తో గెలిచిన మ్యాచ్‌లో చివరి మూడు ఇన్నింగ్స్ వేసిన వెస్ లిటిల్టన్‌కు సేవ్ ఇచ్చారు. అతను వచ్చేసరికే స్కోరు 14-3. కాపాడటానికి అక్కడ ప్రమాదమేముంది? వండినవాళ్లు వంటింట్లోనే ఉండగా పాయసం వడ్డించినవాడికి శాలువా కప్పినట్టుంది.

ఈ లెక్కల్లోని డొల్లతనం అమెరికన్లకూ తెలిసొచ్చింది. 2010లో ఫెలిక్స్ హెర్నాండెజ్‌కు 13 గెలుపులు, 12 ఓటములు. 2018లో జేకబ్ డిగ్రామ్‌కు 10 గెలుపులే. అయినా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఆ ఏడాదుల్లో వాళ్లకే దక్కింది. బాగా వేసినా సొంత జట్టు పరుగులు చేయకపోతే పిచర్ ఏం చేస్తాడని ఓటేసేవాళ్లు గ్రహించారు.

ఇక మన క్రికెట్ స్కోరు పుస్తకం సంగతి. కాచిగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లో దిగి, ఉస్మానియా మైదానాల్లో మ్యాచ్ జరుగుతున్న రోజు స్కోరర్ల బల్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు. ఒద్దికగా రాసే స్కోరర్ ఒక్కో బౌలర్‌కు ఒక్కో రంగు పెన్ను వాడతాడు. పరుగు రాని బంతికి చుక్క. ఆరూ చుక్కలే అయితే వాటిని గీతలతో కలిపి 'ఎమ్' చేస్తాడు, అంటే మెయిడెన్. అందులో వికెట్ పడితే గీతలు తిరగబడి 'డబ్ల్యూ' అవుతాయి. బై, లెగ్‌బై పరుగులు బౌలర్ మీద వేయడు. వైడ్లు, నోబాల్స్ వేస్తాడు. రనౌట్ ఎవరి బౌలింగ్‌లో జరిగినా వికెట్ బౌలర్‌కు ఇవ్వడు. గెలుపు ఎవరిదన్న గడి మాత్రం ఆ పేజీలో ఎక్కడా ఉండదు. అది పెద్దరికం.

అలాగని మన పుస్తకం నిజమంతా చెబుతుందా? 2025 ఆగస్టు 3, ఓవల్. ఇంగ్లండ్ లక్ష్యం 374. హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా ప్రసిద్ధ్ కృష్ణ వేసిన బంతిని గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర మన సిరాజ్ పట్టాడు, పట్టి వెనక్కి అడుగేసి తాడు తొక్కాడు. వికెట్ కావాల్సింది సిక్సర్ అయింది. బ్రూక్ 111 చేశాడు. మర్నాడు పొద్దున సిరాజ్ మూడు వికెట్లు పడగొట్టి మ్యాచ్ ముగించాడు. భారత్ గెలిచిన తేడా సరిగ్గా ఆరు పరుగులు. సిరాజ్ 5/104, మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్. ప్రసిద్ధ్ 4/126. ఆ 126లో సిరాజ్ పాదం కింద పోయిన ఆరూ ఉన్నాయి. హైదరాబాదీలకు సిరాజ్ మీద ఎంత ముద్దున్నా, ప్రసిద్ధ్‌కు ఆ అంకె అన్యాయమే.

ఈ విషయంలో బేస్‌బాల్ మనకన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. తేలిగ్గా పట్టాల్సిన బంతిని ఫీల్డర్ వదిలేస్తే 'ఎర్రర్' అని అతని పేరునే రాస్తారు. ఆ తప్పు లేకపోతే రాని పరుగులను పిచర్ సగటులో కలపరు. మన దగ్గర స్లిప్‌లో జారిన క్యాచ్‌కు స్కోరు పుస్తకంలో ఆనవాలే ఉండదు. సాయంత్రానికి బౌలర్‌కు, జారవిడిచినవాడికి తప్ప ఎవరికీ గుర్తుండదు.

గెలుపును ఒక్కరి పేరున రాసే అలవాటును అమెరికా దగ్గరే ఉండనివ్వచ్చు. ఎర్రర్ గడిని మాత్రం అరువు తెచ్చుకోవాలి. కాలేజీ జట్లను చూసుకునే కోచ్‌లకు ఓ మనవి: ఈ సీజన్ నుంచి మీ పుస్తకంలో బౌలర్ వరుస చివర ఒక గడి గీయించండి. అతని బౌలింగ్‌లో ఎన్ని క్యాచ్‌లు జారాయో, ఎవరి చేతుల్లోంచి జారాయో అందులో రాయించండి. జట్టు ఎంపిక రోజున వికెట్ల గడితో పాటు దాన్నీ చదవండి.