ధర్మరాజు గుడిలో ద్రౌపతమ్మ ప్రశ్న

ఎండాకాలంలో మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం దాకా రాత్రి బస్సులో పోతుంటే, ఏదో ఒక ఊరి దగ్గర మైకులో మద్దెల మోగుతూ ఉంటుంది. అక్కడ భారతం జరుగుతోందన్నమాట. సాధారణంగా 18 రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. 1985లో ఫ్రాన్స్‌లోని అవిన్యోలో పీటర్ బ్రూక్ మహాభారతాన్ని 9 గంటల్లో ఆడిస్తే లోకమంతా నోరెళ్లబెట్టింది. ఇక్కడివాళ్లు వింటే, అంత తొందరేమొచ్చిందప్పా అంటారు!

మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో ఈ ఆట ఒక్క భాషకు కట్టుబడదు. సరిహద్దు దాటితే దీని చుట్టం తమిళ వీధినాటకం తెరుక్కూత్తు. ఈ భారతాలతో ముడిపడ్డ ద్రౌపది ఆరాధన మీద 1988లో పుస్తకం వేసిన ఆల్ఫ్ హిల్టెబైటెల్ ఎక్కువగా తమిళనాట సెంజి వైపు తిరిగాడు.

అర్జునుడి తపస్సు రోజు వేషగాడు ఎక్కడ ఆగుతాడో, భక్తుడు ఎక్కడ మొదలవుతాడో చెప్పడం కష్టం. మైదానంలో నిట్టనిలువుగా నాటిన తపస్సు మాను మీదికి అతను పాడుకుంటూ, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో వరపడి ఉంటారు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి, మారేడు పత్రి రాలుతుంటే కొంగులు చాస్తారు. ఆ కాసేపూ వాళ్లకు అతను అర్జునుడే. రంగు కడుక్కున్నాక, టమోటా కోత ఉంటే తోటలోకి పోవాల్సిందే.

జనం ఎక్కువగా చెప్పుకునేది చీర లాగే ఘట్టం గురించే. ఈ కాలమిస్టుకు మాత్రం అంతకుముందు ద్రౌపది అడిగే ప్రశ్నే అసలు నాటకం. తననే ఓడిపోయినవాడికి నన్ను పందెం ఒడ్డే హక్కెక్కడిది? భీష్ముడు ధర్మం సూక్ష్మమంటూ తప్పుకుంటాడు. కౌరవుల్లో వికర్ణుడొక్కడే లేచి ఆమె తరఫున మాట్లాడతాడు. కూలి అడిగిన మనిషికో, గుడి గడప బయటే నిలబెట్టిన మనిషికో ఈ ప్రశ్న కొత్తగా వివరించక్కర్లేదు. అయితే పాత ఆనవాయితీలో ద్రౌపది వేషం మగవాళ్లదే. ఆ నిలదీతా మగగొంతులోనే వినపడేది. పైగా ద్రౌపతమ్మ ఉండే గుడిని ఊళ్లో పిలిచేది ధర్మరాజు గుడి అని. పందెం ఒడ్డినాయన పేరు!

సభలో దొరకని తీర్పు చివరిరోజు పగటిపూట బయట దొరుకుతుంది. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టిన బండెడు మట్టి దుర్యోధనుడు. మీసాలకు నల్లరంగు, కళ్లు తెరిచే ఉంటాయి. భీముడూ దుర్యోధనుడూ గదలతో ఆ బొమ్మ చుట్టూ, బొమ్మ మీదా తిరిగి తిరిగి పోట్లాడతారు. తొడ విరిగాక ద్రౌపది ఇన్నాళ్లూ విరబోసుకున్న జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రానికి అగ్నిగుండం సిద్ధం. ఈలోగా బొమ్మ దగ్గర తోపులాట మొదలవుతుంది. ఒక పిడికెడు మట్టి ఇంటికి తీసుకుపోవాలని.