యంగ్ జీన్ లీ నాటకాలు: అస్తిత్వ చిత్రణలో ప్రేక్షకుని స్థానం

సమకాలీన అమెరికా ప్రయోగాత్మక నాటకరంగంలో రచయిత్రిగా, దర్శకురాలిగా యంగ్ జీన్ లీకి విశిష్ట స్థానం ఉంది. 1974లో దక్షిణ కొరియాలో జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరిన ఈమె, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షేక్‌స్పియర్‌పై సాగిస్తున్న పరిశోధనను మధ్యలోనే విడిచి న్యూయార్క్ నాటకరంగంలో ప్రవేశించారు. 2003లో సొంత నాటక సంస్థను స్థాపించారు. ఆమె ప్రస్థానంలోని మూడు నాటకాల ఆధారంగా, అస్తిత్వ చిత్రణలో ప్రేక్షకునికి ఆమె కల్పించిన స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

తాను ఎన్నటికీ రాయకూడదనుకునే నాటకం ఏదో ప్రశ్నించుకొని, దానినే రాయడం లీ రచనా పద్ధతి. ఇది కేవలం చమత్కారం కాదు. రచయితకు అనువైన వస్తువు ప్రేక్షకునికీ అనువుగానే ఉంటుంది. రచయితకు కలిగిన ఇబ్బందే ప్రేక్షకునికీ సంక్రమిస్తుంది. ఆసియన్ అమెరికన్ అస్తిత్వాన్ని ప్రస్తావించిన ‘సాంగ్స్ ఆఫ్ ది డ్రాగన్స్ ఫ్లయింగ్ టు హెవెన్’ (2006) రచయిత్రి చెంపదెబ్బలు తింటున్న దృశ్యచిత్రంతో మొదలవుతుంది. సానుభూతితో చూడవచ్చిన ప్రేక్షకునికి ఆ అవకాశం ఆదిలోనే మూసుకుపోతుంది.

‘ది షిప్‌మెంట్’ (2009)లో ఈ పద్ధతి పరిణతి పొందింది. నల్లజాతి నటుల గురించి ప్రేక్షకులలో స్థిరపడిన మూసపాత్రలను ప్రథమార్ధం ప్రదర్శిస్తుంది. ఉత్తరార్ధం ఒక విందుసమావేశం. అందులోని పాత్రలు శ్వేతజాతీయులని చివరి క్షణంలో తెలుస్తుంది. అప్పటివరకు నటుల దేహవర్ణాన్నే పాత్రల జాతిగా భావించిన ప్రేక్షకుడు తన ఊహను తానే విచారించుకోవలసి వస్తుంది.

‘స్ట్రెయిట్ వైట్ మెన్’ (2014) సంప్రదాయ వాస్తవిక కుటుంబ నాటకం. తమకున్న సామాజిక ఆధిక్యం అన్యాయమని ఎరిగిన సోదరులు సైతం, ఆ ఆధిక్యాన్ని వినియోగించుకోని మాట్‌ను సహించలేకపోవడం ఇందులోని వైరుధ్యం. 2018లో ఇది బ్రాడ్‌వేకు చేరడంతో, అక్కడ నాటకం ప్రదర్శితమైన తొలి ఆసియన్ అమెరికన్ రచయిత్రిగా లీ గుర్తింపు పొందారు.

అయితే, ఈ గుర్తింపును నాటకశక్తికి కొలమానంగా స్వీకరించలేం. ‘ది షిప్‌మెంట్’లో ప్రేక్షకుని ఊహయే నాటకవస్తువు, ‘స్ట్రెయిట్ వైట్ మెన్’లో అతడు మరొక కుటుంబ సమస్యను దూరం నుంచి చూడగలడు. వైరుధ్యం బలమైనదే గాని, అది పాత్రల మధ్యనే నిలిచిపోయింది. లీ ప్రతిభ వేదికపై అస్తిత్వాన్ని చిత్రించడంలో కన్నా, దానిని చూసే చూపును ప్రశ్నించడంలోనే అధికంగా వ్యక్తమైంది. అస్తిత్వ నాటకాల మూల్యాంకనంలో ఈ భేదాన్ని విస్మరించరాదు.