నెలనెలా వచ్చే నవల: ఎంపిక ఎవరిది?

కొత్త నవలను ఎన్నుకొనేది ఎవరు? ప్రశ్న పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. డబ్బిచ్చి కొనేవాడు పాఠకుడు, కాబట్టి ఎన్నుకొనేవాడూ అతడే అని మనం సరిపెట్టుకుంటాం. కాని పాఠకుడికి అందేలోగా నవల ఎన్ని చేతులు దాటుతున్నదో, ఏ చేయి అందులోనుంచి ఏమి తీసివేస్తున్నదో విచారించకుండా సాహిత్యాభిరుచిని గురించి ఎంత మాట్లాడినా అది గాలిలో మేడలు కట్టటమే. ఈ విచారణకు నెలనెలా చందాదారుల ఇంటికి కొత్త పుస్తకం పంపించే పద్ధతి చక్కని ఉదాహరణ.

ఈ పద్ధతికి పెద్ద వ్యాపారరూపం ఇచ్చినది అమెరికా. ప్రకటనల వ్యాపారంలో ఆరితేరిన హ్యారీ షెర్మన్ మరికొందరితో కలిసి 1926లో న్యూయార్కులో బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్‌ను స్థాపించాడు. ఆ ఏడు ఏప్రిల్‌లో 4,750 మంది సభ్యులకు మొదటి పుస్తకం వెళ్లింది. అది సిల్వియా టౌన్సెండ్ వార్నర్ రాసిన ‘లాలీ విల్లోస్’ అనే నవల. అన్న ఇంట చాకిరీ చేస్తూ బతికిన ఒక అవివాహిత, ఇల్లు విడిచి పల్లె చేరి, చివరకు మంత్రగత్తె కావటం అందులో కథ. ఏడాది తిరిగేసరికి సభ్యుల సంఖ్య 46 వేలు దాటింది.

పుస్తకాలను ఏరటానికి ఐదుగురు న్యాయనిర్ణేతలుండేవారు. హెన్రీ సైడెల్ కాన్బీ అధ్యక్షుడు. డొరొతీ కాన్ఫీల్డ్ ఫిషర్, హేవుడ్ బ్రౌన్, క్రిస్టఫర్ మార్లీ, విలియం ఆలెన్ వైట్ సభ్యులు. వీరు అనామకులు కారు, అల్పులూ కారు. అయితే క్లబ్ విజయరహస్యం వీరి పాండిత్యంలో కంటె ఒక చిన్న కార్డులో ఎక్కువగా ఉన్నది. ఈ నెల పుస్తకం వద్దనుకున్న సభ్యుడు ఆ కార్డు నింపి పంపాలి. పంపకపోతే పుస్తకం ఇంటికి వస్తుంది, బిల్లూ వస్తుంది. అంటే పాఠకుడి మౌనాన్నే వ్యాపారం అంగీకారంగా లెక్కగట్టింది. సోమరితనానికి అభిరుచి అని పేరు పెట్టటం ఇక్కడే మొదలయింది.

ఇంతమాత్రాన క్లబ్‌ను తీసిపారవేయటం న్యాయం కాదు. పుస్తకాల అంగడి కంటికి కూడా కనపడని ఊళ్లలో లక్షలాదిమందికి తపాలా ద్వారా కొత్త సాహిత్యం చేరింది. మన ఎమెస్కోవారి ఇంటింటా గ్రంథాలయం ఎందరు తెలుగు మధ్యతరగతి గృహిణుల చేతికి నవలను అందించినదో తలచుకుంటే, ఈ మేలు ఎంతటిదో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. ఆ పుస్తకాలను చూసి ముక్కు విరిచిన పండితులు వాటికి బదులు ఆ ఇళ్లకు ఏమి పంపారని అడిగితే జవాబు లేదు. కాబట్టి పెట్టె రావటం తప్పు కాదు. ఆ పెట్టెలో చోటు సంపాదించుకోవటానికి రచయిత ఏమి చెల్లించుకోవలసి వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

రిచర్డ్ రైట్ అనుభవం ఈ ప్రశ్నకు సమాధానం. బానిసలను ఏలిన దక్షిణాది జమీందారీ జీవితాన్ని తియ్యని కలగా చిత్రించిన ‘గాన్ విత్ ది విండ్’ను 1936లో ఈ క్లబ్బే ఎంపిక చేసింది. నాలుగేళ్ల తరువాత, 1940లో, షికాగో మురికివాడలోని నల్లజాతి యువకుడి భయాన్నీ క్రోధాన్నీ దాపరికం లేకుండా చూపిన రైట్ నవల ‘నేటివ్ సన్’నూ ఎంపిక చేసింది. నల్లజాతి రచయిత పుస్తకం ఆ క్లబ్ ఎంపిక కావటం అదే మొదలు. మూడు వారాల్లో 2 లక్షలకు పైగా ప్రతులు చెల్లిపోయాయి. చూడటానికి ఇది ఘనవిజయమే. కాని క్లబ్ అభ్యంతరాల మీద రైట్ కొన్ని ఘట్టాలు మార్చాడు, కొన్ని తొలగించాడు. సినిమాహాలులో యువకుల ప్రవర్తన పోయింది. తెల్లజాతి యువతి మేరీ ఆ నల్లవాడి పట్ల చూపిన ఆకర్షణ పలచబడింది. ఇది శీలపరిరక్షణ అని కొందరు అనవచ్చు. మరి దాని ఫలితమేమిటి? ఆ యువతిలోని కోరిక మరుగున పడి, భారమంతా ఆ యువకుడి నెత్తిన పడింది. నవల ఎవరిని ప్రశ్నించటానికి పుట్టిందో వారికే కొంత ఊరట దొరికింది.

1945లో వచ్చిన ‘బ్లాక్ బాయ్’ కథ మరీ విషాదకరం. ఇది నవల కాదు, రైట్ ఆత్మకథ. దక్షిణాదిలో గడచిన బాల్యం ఒక భాగం. ఉత్తరాదికి వచ్చిన తరువాత షికాగో జీవితం, కమ్యూనిస్టు పార్టీతో అనుబంధం, ఘర్షణ రెండవ భాగం. క్లబ్ మొదటి భాగం చాలునన్నది. అందుచేత కథ ఉత్తరాదికి ప్రయాణం కట్టటంతో ముగిసింది. దక్షిణాది నరకం, ఉత్తరాది విముక్తి అనే భావం పాఠకుడి మనసులో మిగిలింది. రైట్ చెప్పదలచినది అది కానే కాదు. తీసివేసిన భాగం ‘అమెరికన్ హంగర్’ అనే పేరుతో పుస్తకంగా వెలువడింది 1977లో. రైట్ 1960లోనే మరణించాడు. రెండు గ్రంథాలూ ఆయన రాసిన రూపంలో లైబ్రరీ ఆఫ్ అమెరికా ద్వారా వెలువడినది 1991లో.

ఇదంతా ధనస్వామ్యపు దోషం, మన పక్షంవారు పెట్టె కడితే ఇట్లా జరగదని అనుకుంటే అదొక ఆత్మవంచన. లక్నోలో అఖిలభారత అభ్యుదయ రచయితల మహాసభ జరిగిన 1936లోనే లండన్‌లో విక్టర్ గొలాంజ్ లెఫ్ట్ బుక్ క్లబ్ ప్రారంభించాడు. జాన్ స్ట్రేచీ, హెరాల్డ్ లాస్కీ ఆయనతోపాటు పుస్తకాలు ఎంపిక చేసేవారు. ఫాసిజం ముంచుకువస్తున్న వేళ నెలకు రెండున్నర షిల్లింగులకు ఒక పుస్తకం చొప్పున, ఉచ్చదశలో 57 వేలమందికి అందించిన ఆ కృషి చిన్నది కాదు. 1937లో జార్జ్ ఆర్వెల్ ‘ది రోడ్ టు విగన్ పియర్’ ప్రచురించేటప్పుడు, సోషలిస్టుల మీద రచయిత చేసిన విమర్శ గొలాంజ్‌కు రుచించలేదు. తన అసమ్మతిని ఆయన పీఠికగా రాసి, గ్రంథంతోపాటే అచ్చువేశాడు. ఇది మెచ్చదగిన పద్ధతి. ఇద్దరి వాదమూ పాఠకుడి ఎదుట ఉన్నది, తీర్పు అతనిది. కాని స్పెయిన్ యుద్ధాన్ని గురించి అదే ఆర్వెల్ రాసిన ‘హోమేజ్ టు కాటలోనియా’ను గొలాంజ్ ప్రచురించనన్నాడు. 1938లో మరొక ప్రచురణకర్త దానిని వెలువరించాడు. పీఠిక రాయటానికి ఉన్న ధైర్యం అప్పుడు ఎక్కడికి పోయింది? అసమ్మతిని అచ్చువేయటం విమర్శ. అసమ్మతి ఉన్నదని గ్రంథాన్నే రానివ్వకపోవటం కాపలా. కాపలా కాసేవాడు ఏ రంగు చొక్కా తొడుక్కున్నా పాఠకుడికి జరిగే నష్టం ఒక్కటే.

ఈనాటి బుక్ ఆఫ్ ది మంత్ పద్ధతి మారింది. ప్రతినెలా కొద్ది కొత్త పుస్తకాలు చూపించి, కావలసినది ఏరుకోమంటారు; నచ్చకపోతే ఆ నెల దాటవేయవచ్చు. మౌనానికి బిల్లు వేసే రోజులకంటె ఇది నిస్సందేహంగా మెరుగు. అయితే ఏడు పుస్తకాలలో ఒకటి ఏరుకోవటాన్ని స్వేచ్ఛ అని మురిసిపోయే ముందు, ఆ ఏడూ ఎవరు ఏరారని అడగాలి. విస్తట్లో వడ్డించినవాటిలో నచ్చినది తినటం వేరు, వంటకు ఏమి వండాలో చెప్పగలగటం వేరు.

మరి పాఠకుడు ఏమి చేయాలి? పెట్టెను తిరగగొట్టమని నేననను. పెట్టెను కూడా ఒక గ్రంథంలాగా చదవమంటాను. ఈ నెల జాబితాలో ఎవరి జీవితం పదేపదే వస్తున్నది, ఎవరి జీవితం ఎన్నడూ రావటం లేదు? పరభాషలనుంచి వచ్చిన నవలకు చోటున్నదా? సిఫారసు చేసినవారు ఆ నవల బలంతోపాటు బలహీనత కూడా చెప్పారా, లేక పెళ్లిళ్ల పేరయ్యలాగా గుణగణాలే వల్లించారా? పుస్తకం రచయిత రాసినట్లే వచ్చిందా? ఈ ప్రశ్నలు అడగటం అలవాటయిన పాఠకుడు పెట్టెలోనుంచి తీసినా, అద్దె గ్రంథాలయం బీరువాలోనుంచి తీసినా తన నవలను తానే ఎన్నుకుంటాడు.

ఇందులో విమర్శకుల బాధ్యత పాఠకుల బాధ్యతకంటె పెద్దది. 1945లో ‘బ్లాక్ బాయ్’ చదివినవారికి తమ చేతిలో ఉన్నది సగం పుస్తకమని తెలిసే దారి లేదు. తెలిసినవారు చెప్పి ఉండవలసింది. ఏ నవల మంచిదో చెప్పటంతో విమర్శ పని తీరదు. ఏ నవల మనదాకా రాలేదో, వచ్చిన నవలలో ఏమి రాలేదో వెతికి చెప్పటం కూడా దాని పనే. ఆ పని మనం చేయనంతకాలం నెలనెలా పెట్టె వస్తూనే ఉంటుంది. మన తరఫున మరెవరో ఎన్నుకుంటూనే ఉంటారు.